రన్‌వే చివరి షెడ్డు

తెల్లారగానే కోళ్లమ్మ చేసే మొదటి పని కూతుర్ని చంకనెత్తుకుని గుడ్ల గదికి తీసుకెళ్లడం. కూతురికి ముప్ఫయ్యేళ్లు దాటాయి. ఒళ్లు కూడా బాగానే చేసింది. చిన్నప్పుడొచ్చిన జ్వరం కాళ్లను పట్టుకుపోయింది గానీ ఆకలిని మాత్రం వదిలేసి పోయిందని ఆ పిల్లే అంటూ ఉండేది. అయినా తల్లి ఆమెను ఏడాది పిల్లను ఎత్తుకున్నట్టు ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో మేత బకెట్టు పట్టుకుని, షెడ్డు పక్కగా చకచకా నడిచిపోయేది. దారిపొడుగునా ఇద్దరూ ఏదో ఒకదాని మీద వాదించుకుంటూనే ఉండేవాళ్లు. నిన్న కూరలో ఉప్పెక్కువైందా, తక్కువైందా లాంటివి.

వాళ్లుండేది రన్‌వేకి తూర్పు కొస. యుద్ధకాలంలో విమానాలు పరుగెత్తి పరుగెత్తి గాల్లోకి లేచిన చోటు. యుద్ధం అయిపోయింది. విమానాలు పోయాయి, సైనికులూ పోయారు. పొడవాటి సిమెంటు బాట, మందపాటి గోడల బాంబుల కొట్లు, అద్దాలు పగిలిన టవరు మిగిలాయి. ఊరికి దూరం, నీళ్లు నిలవని నేల, నాలుగు వైపులా గాలి. కోళ్లకి ఇంతకన్నా ఏం కావాలని ఎవరో ఒకాయన మొదలుపెడితే, ఆయన్ని చూసి మరొకాయన, అలా గేటు దగ్గర్నుంచి చివరిదాకా వరసగా షెడ్లు లేచాయి.

గేటు దగ్గర ఏ వస్తువు బరువు ఆ వస్తువుకి ఉండేది. తూర్పుకి నడిచేకొద్దీ తగ్గిపోయేది. విమానాల్ని ఎత్తీ ఎత్తీ ఆ కొస నేలకి అదే అలవాటైపోయిందని తొలి రోజుల్లో అనుకునేవాళ్లు. తర్వాత అనుకోవడం కూడా మానేశారు. మేత లారీ డ్రైవరు గేటు దగ్గర ఒక్కో బస్తాకీ ఒక్కో మూలుగు మూలిగేవాడు, చివరి షెడ్డు దగ్గరకొచ్చేసరికి భుజానికి రెండేసి వేసుకుని ఈల వేసేవాడు. గుడ్ల వ్యాపారి భారీ మనిషి, మోకాళ్ల నొప్పులు. పనేం లేకపోయినా సాయంత్రాలు వచ్చి ఆ కొసన అటూ ఇటూ తిరిగి, మళ్లీ పెళ్లికొడుకునయ్యానని చెప్పి వెళ్లేవాడు. తూకం మాత్రం ఎవరిదైనా గేటు దగ్గరే. ఆ సంగతి మీద ఒకప్పుడు పెద్ద తగువై, తలకాయలు పగిలి, తీరిపోయింది.

చివరి షెడ్డులో కోళ్లకి పైన వల కట్టాలి. లేకపోతే ఊరికే రెక్క విదిలించినా దూలాలకి తగిలేవి. రాలిన ఈకలు నేలకి దిగకుండా మోకాలెత్తున తేలుతూ ఉండేవి. కోళ్లమ్మ వాటిని చీపురుతో కాకుండా, పొడుగు కర్రకి కట్టిన సంచితో పట్టేది. షెడ్డు దాటాక ఇంకా కొంత బాట ఉంది. దాని చిట్టచివర ఉన్న సిమెంటు పలక మీద తేలికైనదేదీ నిలిచేది కాదు. వల తప్పించుకున్న కోడి ఎప్పుడైనా అటు పోతే పోయినట్టే. కాళ్లు కొట్టుకుంటూ పైకి, ఇంకా పైకి, చుక్కంతై, ఆ చుక్క కూడా లేకుండా పోయేది. పిల్లల్ని అటు పోనిచ్చేవాళ్లు కాదు. పెద్దవాళ్లు వెళ్లినా బరువైన రబ్బరు బూట్లు వేసుకునే వెళ్లేవాళ్లు.

ఈ కొసని ఎంచుకున్నది కోళ్లమ్మ మొగుడు. గేటు పక్కనే షెడ్డు దొరుకుతున్నా వద్దన్నాడు. నీళ్ల ట్యాంకరు కూడా రావడానికి విసుక్కునే చోట ఎందుకని బావమరిది అడిగితే, "పిల్ల పెరుగుతుంది, మేం తరుగుతాం" అన్నాడు. ఆ మాట అన్న కొన్నేళ్లకే ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పూర్తిగా తరిగిపోయాడు. ఆయన పోయాక కోళ్లమ్మకి ఆ మాట విలువ తెలిసొచ్చింది. కూతుర్ని స్నానానికి దించాలన్నా, మంచం మీదికి చేర్చాలన్నా, ఎండకీ నీడకీ మార్చాలన్నా మనిషి సాయం అక్కర్లేకపోయింది. ఆ నేలే రెండో మనిషి.

కూతురికి గుడ్ల గదిలో పని. ఒకప్పుడు బాంబులు దాచిన కొట్టది, మండువేసవిలో కూడా చల్లగా ఉండేది. చక్రాల పీట మీద కూర్చుని, దీపం ముందు ఒక్కో గుడ్డూ తిప్పి చూసి, పగుళ్లున్నవి వేరుచేసి అట్టల్లో సర్దేది. గుడ్డు చెయ్యి జారినా కంగారు లేదు. అది నేల చేరేలోగా ముక్కు తుడుచుకుని మరీ పట్టుకోవచ్చు. గుడ్ల వ్యాపారితో బేరాలు, డ్రైవరుతో వేళాకోళాలు అన్నీ ఆమెవే. తల్లి నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి ఇద్దరి వంతూ తనే మాట్లాడుతున్నానని చెప్పేది.

కిందటేడు కూతురికి పన్ను వాచి, పట్నం ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. గేటు దాకా గుడ్ల బండి మీద తోసుకెళ్లారు. బస్సు వచ్చింది. కోళ్లమ్మ ఎప్పట్లాగే వంగి, ఒక చెయ్యి నడుం కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద వేసి లేవబోయింది. లేవలేకపోయింది. ఇద్దరూ కలిసి మట్టిలో పడ్డారు. గేటు పక్కనే షెడ్డున్న కోళ్లమ్మ తమ్ముడూ, కండక్టరూ వచ్చి కూతుర్ని చెరోవైపు పట్టుకుని బస్సెక్కించారు. మేత బస్తానైతే ఇంకాస్త మర్యాదగా ఎక్కిస్తారని కూతురు నవ్వింది, కండక్టరు నవ్వాడు. తల్లి మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. తిరిగొచ్చాక ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ చంకనెత్తుకుని గుడ్ల గదికి వెళ్లింది. ఆ పూట మాత్రం దేని గురించీ వాదించుకోలేదు.

రోగం గేటు వైపు నుంచి వచ్చింది. మొదట తమ్ముడి షెడ్లోనే. పొద్దున తలుపు తీసేసరికి కోళ్లు మేత ముట్టకుండా మెడలు వాల్చుకుని ఉన్నాయట, తురాయిలు నల్లగా కమిలిపోయాయట. సాయంత్రానికి వరసలు వరసలుగా పడిపోయాయి. తమ్ముడు అక్క దగ్గరికి రాలేదు. వస్తే చెప్పులకంటుకుని రోగం వస్తుందేమోనని దూరంగా, బాట మధ్యలో నిలబడి చేతులూపాడు. ఆ చేతులూపడం చూసే ఆమెకి అర్థమైంది.

పశువుల డాక్టరు వచ్చింది. చిన్నపిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది. పరీక్షలు చేయించి, రన్‌వే మీద ఉన్న కోళ్లన్నిటినీ చంపాలని చెప్పింది. కోళ్లమ్మ ఆమెను తన షెడ్లోకి తీసుకెళ్లి, మేత తింటున్న కోళ్లను చూపించింది, ఎర్రగా నిగనిగలాడుతున్న తురాయిల్ని చూపించింది. డాక్టరు చాలాసేపు చూసింది.

"మీ కోళ్లు బాగున్నాయమ్మా," అంది చివరికి. "అందుకే తొందరపడుతున్నాం."

తెల్లటి సూట్లు తొడుక్కుని, కళ్లు తప్ప ఏమీ కనపడకుండా మనుషులొచ్చారు. షెడ్డు చుట్టూ ప్లాస్టిక్ పట్టాలు కప్పి, సందులన్నీ మూసి, లోపలికి గ్యాసు వదిలారు. కోళ్ల గోల ఒక్కసారిగా లేచింది, తర్వాత పలచబడింది, తర్వాత ఒకటో రెండో, తర్వాత లేదు. కోళ్లమ్మ ఈ కొసకి వచ్చిన దగ్గర్నుంచి ఆ గోల ఆగడం వినలేదు. నిద్రలో కూడా అది చెవిలో ఉండేది. ఇప్పుడు గాలి చప్పుడు వినపడింది. ఇన్నేళ్లూ ఇక్కడ గాలి ఉందని తనకి తెలియనే లేదనుకుంది.

పట్టాలు తీసేసరికి చచ్చిన కోళ్లు నేల మీద లేవు. ఛాతీ ఎత్తున, మెడలు వేలాడేసుకుని, షెడ్డు నిండా తేలుతున్నాయి. తెల్ల సూట్లవాళ్లు వాటి మధ్యలోంచి, మోచేతులతో పక్కకి తోసుకుంటూ నడిచి, ఒక్కొక్కటే పట్టి సంచుల్లో వేశారు. షెడ్డు పక్కనే గొయ్యి తవ్వారు. కానీ కప్పిన మట్టి నిలవలేదు, కింద వేసినవి మెల్లగా పైకొచ్చాయి. వాళ్ల పైఅధికారి తల అడ్డంగా ఊపి, గేటు వైపు తవ్వండని చెప్పాడు. సాయంత్రం దాకా ట్రాలీలు అటు తిరిగాయి. గుడ్లు కూడా ఉంచకూడదన్నారు. కూతురు ఆ పని ఎవరి చేతా చేయించనివ్వలేదు. కిందికి జారవిడిస్తే అవి పగలవు. ఒక్కొక్కటే గోడకేసి కొట్టింది. ఒక్క వేళాకోళం ఆడలేదు.

ఆ తర్వాత ఇంట్లో పొయ్యి వెలిగింది గానీ కోళ్లమ్మ తినడం మానేసింది. పనిగట్టుకుని మానేయలేదు. కూతురికి పెట్టేది, తర్వాత తింటానని గిన్నె మూత పెట్టేది, మర్నాడు ఆ గిన్నె కడిగేది. పొద్దున్నే లేచి మేత బకెట్టు తీసుకుని షెడ్డు తలుపు దాకా వెళ్లి నిలబడేది. కూతురు వంద చెప్పి చూసింది. బతిమాలింది, తిట్టింది, తనూ తినడం మానేస్తానని బెదిరించి ఒక పూట మానేసి చూపించింది కూడా. రెండో పూటకి తల్లి ఏడిస్తే తినక తప్పలేదు.

కొన్నాళ్లకి తమ్ముడు వచ్చాడు. అతని మొహం ముసలిదైపోయింది. రన్‌వే ఖాళీ చెయ్యమన్నారని, సిమెంటంతా పగలగొట్టి రోడ్లకి కంకర వేస్తారని చెప్పాడు. గేటు దగ్గర యంత్రాలు దిగుతున్నాయన్నాడు. తనకి పట్నంలో ఒక గోడౌన్లో పని దొరికిందని, తన ఇంటి పక్కనే వీళ్లకీ ఒక గది చూశానని చెప్పాడు. గది మూడో అంతస్తులో. అద్దె తక్కువ, వెలుతురుంది. మెట్లున్నాయి.

ఎవరో ఒకరు సాయం పడతారులే అని తమ్ముడు అన్నాడు. కోళ్లమ్మ ఊఁ అంది. పడతారు. మొదటి వారం అందరూ పడతారు. తర్వాత పిలిస్తే వస్తారు. ఆ తర్వాత పిలవడానికి తనకే మొహం చెల్లదు. ఆసుపత్రికే కాదు కదా, రోజూ మంచం దించాలి, స్నానం చేయించాలి, దొడ్డికి తీసుకెళ్లాలి. పగలూ రాత్రీ. తమ్ముడికీ వయసొచ్చింది, అతనికీ ఒక సంసారముంది.

అతన్ని సాగనంపే మిషతో బయటికొచ్చి, ఇలాంటివాళ్లని చూసుకునే ఆశ్రమం పట్నంలో ఉందట కదా అని మెల్లగా అడిగింది. ఉందని, తను వెళ్లి కనుక్కున్నానని తమ్ముడు చెప్పాడు. శుభ్రంగా ఉందట, మంచాలకి చక్రాలున్నాయట, ఎత్తడానికి బలమైన మనుషులున్నారట.

"కానీ నా అనేవాళ్లు లేనివాళ్లనే చేర్చుకుంటారక్కా," అన్నాడు. "తల్లి ఉండగా తీసుకోరు."

అతను ఊరికే చెప్పాడు. ఆమె ఊరికే వినలేదు.

రెండు రోజుల తర్వాత, బూట్లు తొడుక్కోకుండా నీళ్ల తొట్టి దగ్గరికి వెళుతుంటే, ఆమె మడమలు నేల మీద ఆనలేదు. షెడ్డు దగ్గరే. ఇంతకుముందెప్పుడూ అలా కాలేదు. మునివేళ్ల మీద నాలుగడుగులు వేసి చూసింది. తను ఎంత తరిగిపోయిందో అప్పుడు తెలిసింది. భయం వెయ్యలేదు. ఎవరో వెనకనుంచి భుజం తట్టి, దారి ఇటు అని చూపించినట్టనిపించింది.

మర్నాడు పొద్దున కూతురికి తలంటి పోసింది. జుట్టు ఆరేదాకా ఎండలో కూర్చోబెట్టి, చిక్కు తీసి జడ వేసింది. కడుపునిండా తినిపించింది. గుడ్ల గది గుమ్మంలో చక్రాల పీట మీద కూర్చోబెట్టి, నీళ్ల చెంబు చేతికందేలా పెట్టింది. మధ్యాహ్నం మీ మావయ్య సామాను చూడ్డానికి వస్తానన్నాడు అని చెప్పింది. షెడ్డు వెనకాల వల ఊడిందని, చుట్టి పెట్టేసి వస్తానని చెప్పింది. కూతురు తలూపింది. ఈ మధ్య ఇద్దరి మధ్యా మాటలు అంతే.

గుమ్మం పక్కన బూట్లు విప్పి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, కోళ్లమ్మ తూర్పుకి నడిచింది.

ఎండ బాగా కాస్తోంది. పలకల సందుల్లో గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. గేటు వైపు యంత్రం సిమెంటుని కొడుతున్న చప్పుడు అంత దూరం నుంచీ వినిపిస్తోంది. షెడ్డు దాటింది. అడుగు వేస్తే అడుగు దిగడానికి చాలాసేపు పడుతోంది. ఆఖరి పలక ముందు ఒక్క క్షణం ఆగి గడ్డి పట్టుకుంది. కూతురి గురించి ఆలోచించకూడదనుకుంది, ఆలోచించింది. చక్రాల మంచం గురించి, బలమైన మనుషుల గురించి ఆలోచించింది. పలక మీద కాలు పెట్టి గడ్డి వదిలేసింది.

వెంటనే ఏమీ కాలేదు. తర్వాత నడుం నొప్పి పోయింది. ఎన్నేళ్ల నొప్పో, అది లేకపోతే ఎలా ఉంటుందో మరిచిపోయింది. తర్వాత మోకాళ్లు, తర్వాత మెడ. పాదాల కింద నేల లేదు. తను జానెడు ఎత్తులో ఉంది. అంతలో మూరెడు. తొందరేం లేనట్టు, మెల్లగా.

వెనక ఏదో రాసుకుంటున్న చప్పుడైతే తల తిప్పింది.

కూతురు వస్తోంది. పీట లేదు. చేతుల మీద వస్తోంది. గుడ్ల గది దగ్గర బరబరా ఈడ్చుకుంటూ మొదలైనట్టుంది. ఇప్పుడు సందుల్లో గడ్డి దుబ్బుల్ని పట్టుకుని ఒకదాన్నించి ఒకదానికి లాక్కుంటూ వస్తోంది. కాళ్లు రెండూ వెనకాల గాల్లో, ఆరేసిన బట్టల్లా ఊగుతున్నాయి. పొద్దున వేసిన జడ ఊడిపోయింది. నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తోంది తప్ప పిలవడం లేదు. పిలవడానికి ఊపిరి ఖర్చుపెట్టదలుచుకోలేదు. కోళ్లమ్మ ముప్ఫయ్యేళ్లలో ఆ పిల్ల తనంతట తను ఒక చోటి నుంచి ఇంకో చోటికి అంత దూరం రావడం చూడలేదు.

పైకి లేస్తున్న పాదాన్ని కూతురు చీలమండ దగ్గర రెండు చేతులతో పట్టుకుంది. పైకి పోవడం ఆగింది.

"వదులు తల్లీ," అంది కోళ్లమ్మ. "నిన్ను బాగా చూసుకుంటారు. నేను కనుక్కున్నాను."

కూతురు ఊపిరి అందుకుంది.

"బూట్లు విప్పి వల చుట్టడానికి వెళ్తారా ఎవరైనా?"

"నేనుంటే నిన్ను తీసుకోరే. వదిలెయ్యి."

"వదలను. కావాలంటే నన్నూ తీసుకుని పైకి పో."

కోళ్లమ్మ నిజంగానే కాలు విదిలించింది. గింజుకుంది. తిట్టింది. పుట్టి బుద్ధెరిగి కూతుర్ని అనని మాటలు అంది, నీవల్లే నా బతుకిలా అయిందని కూడా అనేసింది. కూతురు చెంప ఆ పాదానికి ఆనించి, కళ్లు మూసుకుని, అన్నీ అననిచ్చింది. పట్టు మాత్రం సడల్లేదు. ఆమె ఒళ్లు పలకని వదిలి ఒక్క అంగుళం కూడా లేవలేదు.

తల్లి తిట్లు అయిపోయాక మెల్లగా అంది:

"నువ్వు నన్ను ఎత్తలేవమ్మా. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కదా."

కోళ్లమ్మ కాళ్లు కొట్టుకోవడం మానేసింది. కూతురు ఆమెను చీలమండ నుంచి మోకాలికి, మోకాలి నుంచి నడుముకి, బావిలోంచి చేద తోడినట్టు చేతుల మీద చేతులు వేసి కిందికి దించింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని చుట్టూ చేతులు బిగించింది. తల్లి అంత తేలిగ్గా ఉంటుందని అనుకోలేదేమో, అప్పుడు ఏడ్చింది.

మధ్యాహ్నం తమ్ముడు వచ్చేదాకా అలాగే ఉన్నారు. అతను గుమ్మం దగ్గర బూట్లూ, ఖాళీ పీటా చూసి పరుగెత్తుకుంటూ వచ్చినవాడు, ఇద్దర్నీ చూసి పలక ఇవతలే ఆగిపోయాడు. బూట్లు తెచ్చి అక్క కాళ్లకి తొడిగాడు.

సాయంత్రం గుడ్ల బండి మీద కూతుర్నీ, రెండు పెట్టెల్నీ పెట్టి గేటుకి బయలుదేరారు. బండి ముందు తేలిగ్గా కదిలింది. షెడ్లు దాటేకొద్దీ బరువెక్కింది. సగం దారికొచ్చేసరికి తమ్ముడు ఒక్కడూ తొయ్యలేక యంత్రం దగ్గరున్న ఇద్దరు పనివాళ్లని కేకేశాడు. కోళ్లమ్మ పక్కనే నడిచింది. ఆమె ఒంట్లోకి కూడా నొప్పులన్నీ పోయిన వరసలోనే తిరిగొచ్చాయి, ముందు నడుం, తర్వాత మోకాళ్లు, తర్వాత మెడ. బతికి వచ్చినందుకు ఆమెకి సంతోషమేమీ కలగలేదు. కూతురు మీద కోపంగా ఉంది. ఆ కోపం చాలా రోజులుంది.

పట్నంలో మూడో అంతస్తు గదికి కూతుర్ని నలుగురు మోశారు. తల్లి అనుకున్నట్టే తర్వాత ఇద్దరొచ్చారు, తర్వాత పిలిస్తే గానీ రాలేదు. కూతురు నెలకోసారి కూడా మెట్లు దిగలేదు. కిటికీలోంచి ఎదురు గోడ కనపడేది.

సిమెంటు మీద ఈడ్చుకొచ్చిన ఆ చేతులకి అరచేతుల్లో చర్మం మిగల్లేదు. చీము పట్టింది. డాక్టరు వేళ్లు కూడా కనపడకుండా కట్లు కట్టి, మానేదాకా తడపొద్దన్నాడు. గ్లాసు పట్టుకోవడం కూడా కుదరదన్నాడు. అందుకని రెండు పూటలా తల్లే కలిపి ముద్దలు పెట్టాల్సి వచ్చేది. మాట్లాడకుండా పెట్టేది. కూతురు ఒక ముద్ద తిని, రెండోది నువ్వు తింటేనే అని నోరు బిగించుకునేది. కోళ్లమ్మ విసుక్కుంటూ ఆ ముద్ద తన నోట్లో వేసుకునేది. రుచి తెలిసేది కాదు. రాత్రికి మళ్లీ పెట్టాలి కదా, చెయ్యి లేవాలి కదా అని నమిలి మింగేది.